సంపులోంచి ట్యాంకుకి: వెయ్యి లీటర్ల లెక్క

బెంగళూరులో కొళాయి తిప్పితే వచ్చే కావేరి నీళ్ళు పల్లానికి పారి వచ్చినవి కావు. ఊరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల పైన కూర్చుంది, నది దానికి ఎంతో దిగువన ఉంది. వంద కిలోమీటర్ల అవతల తొరెకాడనహళ్ళిలో మొదలై హారోహళ్ళి, తాతగుణి మీదుగా మూడు మజిలీల్లో పంపులు ఆ నీటిని దాదాపు 500 మీటర్లు ఎక్కించేంత బలంగా తోస్తాయి. వెయ్యి లీటర్లంటే వెయ్యి కిలోలు. 1000 × 9.8 × 500, అంటే 49 లక్షల జౌళ్ళ పని. కరెంటు మీటరులో ఒక యూనిట్ 36 లక్షల జౌళ్ళు కాబట్టి ఇది 1.36 యూనిట్లు. పైపుల ఘర్షణ వంతు ఆ 500 మీటర్లలోనే ఉంది, పంపుల్లో వృథా అయ్యేది మాత్రం ఇందులో లేదు.

ఇంట్లో నేలకింద ఉండే తొట్టి, అంటే సంపు నుంచి మేడ మీది ట్యాంకు దాకా మిగిలిన ఎత్తు మీ మోటారు వంతు.

మూడంతస్తుల ఇంటికి సంపులో నీటిమట్టం నుంచి ట్యాంకులో పైపు మూతి దాకా 15 మీటర్లు అనుకుందాం. సరిగ్గా కావాలంటే ఒక మెట్టు ఎత్తు టేపుతో కొలిచి మెట్ల సంఖ్యతో గుణించండి, సంపు లోతు, ట్యాంకు స్టాండు ఎత్తు కలపండి. పైపు ఎన్ని వంకరలు తిరిగిందన్నది ఈ లెక్కకు అక్కర్లేదు, నిలువు ఎత్తు ఒక్కటే చాలు. వెయ్యి లీటర్లకు 1,47,000 జౌళ్ళు. యూనిట్‌లో 0.04 వంతు! హాఫ్ హెచ్‌పీ మోటారు పెట్టినా, రెండు హెచ్‌పీ పెట్టినా, బకెట్లతో మోసినా నీళ్ళ మీద జరిగే పని ఇంతే. తేడా వచ్చేది ఎంతసేపట్లో అన్నదాంట్లో. సెకనుకు ఎంత పని అన్నదే సామర్థ్యం, మనం మోటారు మీద చదివే హెచ్‌పీ అదే. ఒక హెచ్‌పీ 746 వాట్లు. మాటల్లో అన్నిటికీ 'పవర్' అనేస్తాం గానీ, బిల్లులో యూనిట్ల కింద డబ్బు కట్టేది శక్తికి.

ఇప్పుడు మోటారు నిజంగా ఎంత తింటోందో చూడండి. మోటారు ఏ మీటరుకు కలిపి ఉందో ముందు తెలుసుకోండి, అద్దె ఇళ్ళల్లో అది తరచూ కామన్ మీటరు. ఆ మీటరు మీద మిగతావన్నీ ఆపేయండి. ఎలక్ట్రానిక్ మీటరు మీద చిన్న ఎర్రలైటు మిణుకుతూ ఉంటుంది, యూనిట్‌కు ఎన్ని మిణుకులో పక్కనే అచ్చువేసి ఉంటుంది. 3200 అని ఉందనుకుందాం. మోటారు నడుస్తుండగా నిమిషానికి 53 మిణుకులు లెక్కకొస్తే గంటకు దాదాపు 3200, అంటే మోటారు సుమారు 1000 వాట్లు లాగుతోంది. మరొకరిని మేడ మీద నిలబెట్టి పైపు మూతి కింద 20 లీటర్ల బకెట్ పెట్టించండి. అది 24 సెకన్లలో నిండితే నిమిషానికి 50 లీటర్లు, వెయ్యి లీటర్లకు 20 నిమిషాలు. ఖర్చు 0.33 యూనిట్. నీళ్ళు ఎక్కడానికి కావలసింది 0.04. దక్షత పన్నెండు శాతం! మీటరు చెడిందని కంగారుపడకండి, ఇళ్ళల్లో వాడే చిన్న మోటార్ల పరిస్థితి ఇంచుమించు ఇదే.

మోటారు ప్లేటు మీది అంకెలు మాత్రం నమ్ముకోకండి. గరిష్ఠ హెడ్ (నీటిని ఎక్కించగల ఎత్తు), గరిష్ఠ డిశ్చార్జి (నిమిషానికి వచ్చే నీళ్ళు) అని రెండూ పక్కపక్కనే రాస్తారు, కానీ ఆ రెండూ ఒకేసారి రావు. గరిష్ఠ హెడ్ దగ్గర పైకి వచ్చే నీళ్ళు సున్నా.

మిగతా శక్తి ఎటుపోయింది? చాలా భాగం మోటారు వైండింగులో, నీటిని తోసే రెక్కల చక్రం, అంటే ఇంపెల్లర్ చుట్టూ సుడులు తిరిగే నీళ్ళలో వేడిగా పోతుంది. పైపు గోడల ఘర్షణ మరికొంత తింటుంది. మనం బాగుచేయగలిగింది ఈ పైపునే. లోపలి వ్యాసం 25 మిల్లీమీటర్లున్న పైపులో నిమిషానికి 50 లీటర్లంటే నీటి వేగం సెకనుకు 1.7 మీటర్లు. 20 మీటర్ల పైపుకు ఘర్షణ భారం దాదాపు 3 మీటర్ల ఎత్తుతో సమానం. అవే నీళ్ళను 20 మిల్లీమీటర్ల పైపులో తోయాలంటే ఆ భారం మూడింతలవుతుంది, ఎందుకంటే ఘర్షణ వ్యాసపు అయిదో ఘాతానికి విలోమంగా పెరుగుతుంది. పైపు డబ్బులు మిగుల్చుకుని పెద్ద మోటారు కొనడం బేరం కాదు. ఎల్బోల సంఖ్య తగ్గించినా మేలే. గతిశక్తి మాత్రం లెక్కలోకి రానంత తక్కువ: కిలో నీటికి గతిశక్తి ఒకటిన్నర జౌళ్ళు, స్థితిశక్తి 147.

పీల్చే వైపు కథ వేరు. మోటారు నీళ్ళను లాగదు. అది లోపల పీడనం తగ్గిస్తే, బయటి గాలి సంపులోని నీటిని పైకి నెడుతుంది. సముద్రమట్టం దగ్గర గాలి 10.3 మీటర్ల నీటి స్తంభాన్ని మోయగలదు, బెంగళూరు ఎత్తులో 9.2 దాకానే. ఆచరణలో 6, 7 మీటర్లు దాటితే నేల మీద పెట్టే ఏ మోనోబ్లాకు మోటారూ నమ్మకంగా పనిచేయదు. అందుకే బోరుకు మోటారునే నీళ్ళలో దింపుతారు. పీల్చే పైపు అడుగున ఉండే ఫుట్ వాల్వు కారినా, పీల్చే పైపు అతుకులో వెంట్రుకంత సందున్నా గాలి దూరుతుంది, ప్రైమింగ్ (పంపులో ముందే నిండి ఉండాల్సిన నీళ్ళు) పోతుంది, మోటారు ఉత్తినే తిరుగుతుంది.

ఇంకో రకం జబ్బు: స్విచ్ వేస్తే గుయ్యిమంటుంది, తిరగదు. ఎక్కువసార్లు కండెన్సర్ పోయి ఉంటుంది. సింగిల్ ఫేజ్‌లో అది లేకపోతే రోటరుకు ఫలానా వైపు తిరగమని తోసే బలం ఉండదు. కదలిక లేదు కాబట్టి జరిగిన పని సున్నా, లాగిన కరెంటంతా వైండింగును కాలుస్తుంది. వెంటనే ఆపాలి, కర్రతో ఫ్యాను తిప్పి చూడటాలు వద్దు.

20 లీటర్ల క్యాను భుజాన వేసుకుని తలుపు ముందు నిలబడ్డ అబ్బాయిదీ అదే లెక్క. 196 న్యూటన్ల బరువు మోస్తున్నాడు గానీ క్యాను మీద పని ఏమీ జరగడం లేదు. కండరాల్లో పోగులు క్షణక్షణం బిగుసుకుంటూ సడలుతూ ఉంటాయి కాబట్టి ఆయాసం మాత్రం నిజం. నాలుగు అంతస్తులు, 12 మీటర్లు ఎక్కినప్పుడు క్యాను మీద జరిగిన పని 2,350 జౌళ్ళు. 60 కిలోల తన ఒళ్ళు కూడా ఎక్కించాడు కాబట్టి మొత్తం 9,400. కాలింగ్ బెల్ కొట్టగానే తలుపు తీయండి.

చివరగా, మోటారు ఆపాక గోడలో వినిపించే ఆ 'ధబ్'. 20 మీటర్ల పైపులో పది కిలోల నీళ్ళు పైకి పోతుంటాయి. మోటారు ఆగాక ఆ స్తంభం క్షణంలో నిలిచి, వెనక్కి జారడం మొదలెడుతుంది. ఎన్నార్వీ (నీళ్ళను వెనక్కి రానివ్వని వాల్వు) ఆలస్యంగా మూసుకుంటే, సెకనుకు ఒక మీటరు వేగంతో దిగే ఆ పది కిలోలు సెకనులో యాభయ్యో వంతులో ఆగాలి: 10 × 1 ÷ 0.02 = 500 న్యూటన్లు, యాభై కిలోల దెబ్బ. రోజూ రెండుసార్లు ఇలా తగిలితే ఎల్బో అతుకులు ఊడతాయి. స్ప్రింగు ఉన్న ఎన్నార్వీ వేస్తే నీళ్ళు వెనక్కి తిరిగేలోపే మూసుకుంటుంది.