మైపాడు కాలువ ఒడ్డున ఒక పాత పడవ

వేట నిషేధం అమలులో ఉన్న మే నెలలో నేను నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా మైపాడు వెళ్లాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు ఇంజను బోట్లు వేటకు పోకూడదు గనుక, తీరమంతటా వలలు అల్లడం, పడవలు బాగుచేయడం సాగుతూ ఉంటాయి. ఇసుకమీద ఉన్నవి చాలావరకు ఫైబరు బోట్లే. నేను చూడబోయింది మాత్రం బకింగ్‌హామ్ కాలువ ఒడ్డున, సరుగుడు తోపు నీడలో బోర్లించిన 14 అడుగుల కొయ్య పడవను.

దానిని బాగుచేస్తున్న ఇద్దరిలో ఎవరూ వడ్రంగులు కారు. ఒకరు మా మేనమామ, పదవీ విరమణ చేసిన లెక్కల అయ్యవారు. రెండవవాడు ఆయన దగ్గర చదువుకున్న జాలరి కుటుంబపు కుర్రవాడు, వృత్తిరీత్యా ఎలక్ట్రీషియన్. పెద్దగంజాం నుంచి తమిళనాడులోని మరక్కాణం వరకు దాదాపు 420 కిలోమీటర్లు సాగే ఈ కాలువమీద ఒకప్పుడు ఉప్పు, వంటచెరకు పడవలలోనే మద్రాసుకు చేరేవి. 1877–78 కరువులో కూలీలకు పని చూపించడానికి మద్రాసు నగరంలో ఒక భాగాన్ని తవ్వించిన గవర్నరు పేరే కాలువకు వచ్చింది. ఇంత చరిత్ర ఉన్న నీటిమీద ఒక్క కొయ్య పడవైనా తిరగాలన్నది మామయ్య కోరిక, నాదీ అదే.

మొదటి రోజంతా పుచ్చు వెతకడంతోనే సరిపోయింది. దబ్బనం మొనతో పలకను అంగుళం అంగుళం గుచ్చుతూ పోవాలి. గట్టి కొయ్యలో మొన దిగదు, పుచ్చినచోట వెన్నలోకి దిగినట్లు దిగిపోతుంది. అన్నిటికంటె ఎక్కువ చెడింది ఇనుప మేకుల చుట్టూనే. ఉప్పునీటికి మేకు తుప్పు పట్టి, చుట్టూ ఉన్న కొయ్యను నల్లగా మార్చి, మెత్తబరిచింది. అటువంటి రెండు పలకలను తీసివేసి, కొత్త చెక్కను బాడిసతో చెక్కి, జింకు పూత మేకులతో బిగించారు. పైకి బాగానే కనిపిస్తున్న మూడవ పలకను కూడా తీసేద్దామని నేను అన్నాను గాని, మామయ్య ఒప్పుకోలేదు. ఆయన చెప్పిందే సరైనదని ఇప్పుడు నాకు గట్టిగా అనిపిస్తున్నది; బతికున్న కొయ్యను తీసి పారేస్తే అది బాగుచేయడం కాదు.

రెండవ రోజు సందులు కూరే పని నాకు అప్పగించారు. దూదిని వత్తిలా పేని, మొద్దు ఉలితో సందులోకి దించి, పైన గుగ్గిలం పొడిని నూనెతో కాచిన ముద్దను పూయాలి. వత్తి జారిపోతుందేమోనన్న భయంతో నేను బలంగా కొడుతూ ఉంటే, కుర్రవాడు నా చేయి పట్టుకుని ఆపాడు. “అంత గట్టిగా కొట్టబాకన్నా, నీళ్లు తాగినాక చెక్క ఉబ్బద్ది. దానికి చోటు ఉండాల గదా!” ఎండలో ఆరిన పలక నీటిలో నాని వెడల్పవుతుంది, సందులో చోటు లేకపోతే పక్క పలకను నెట్టి, మేకులను సడలిస్తుంది. ఒక పడవకు ఎంత బిగువు కావాలో, ఎంత వదులు కావాలో అక్కడ కూర్చుని చేత్తో తెలుసుకున్నాను.

ఆ సాయంత్రం పోటు నీటిలో పడవను దించాము. గంటలోపలే బల్లల వరకు మునిగింది. నా గుండె జారినా, పలకలు నాని ఉబ్బితే సందులు మూసుకుంటాయని వారిద్దరూ తాడును చెట్టుకు కట్టి ఇంటికి నడిచారు. తెల్లవారి నీళ్లు తోడి వదిలితే, మధ్యాహ్నానికి మళ్లీ చేరింది జానెడే. ఆ మరునాటి ఉదయానికి రెండు వేళ్ల మందం మాత్రమే ఉంది. గెడ వేసి వంతెన దాకా పోయి వచ్చాము.

ఒడ్డుకు చేరాక, నేను మొదట గట్టిగా కూరిన సందు పక్కన వెంట్రుకవాసి చీలిక కనిపించింది. ఆ ఒక్క పలకను జూన్ మొదటి వారంలో మళ్లీ విప్పాలి. ఆ పని నేనే చేస్తానని మామయ్యకు మాటిచ్చి బస్సెక్కాను.