పాత పడవకి కొత్త పలక వేయడం

చెక్క పడవల మరమ్మతు నేర్చుకునేవాళ్లకి తొందరగా అంటుకునే చెడ్డ అలవాటు ఒకటుంది. నీరు కారే చోటల్లా నార కూరి సుత్తితో దట్టించడం. ఆ ఏటికి కారడం ఆగుతుంది. తర్వాత పలక నాని ఉబ్బుతుంది, సందులో చోటు లేక పక్క పలకని నెడుతుంది. ఆ ఒత్తిడికి మేకులు సాగుతాయి, పలకల్ని లోపలినుంచి పట్టుకునే వంపు చట్టాలు చిట్లుతాయి. అసలు పాత పడవ కారేది చాలాసార్లు నార పాడై కాదు, మేకులు పట్టు వదిలి పలక కదులుతున్నందుకు. కదిలే పలకలో ఎంత నార కూరినా నిలవదు. ముందు చట్టం, మేకు చూడాలి. తర్వాత పలక. నార చిట్టచివర.

ఇక్కడ చెప్పేదంతా పలకల్ని అంచుకి అంచు ఆనించి మేకులతో బిగించే పడవల గురించి. మన తూర్పు తీరపు మసూలా పడవల్లా కొబ్బరి తాడుతో కుట్టినవాటి లెక్క వేరు. వాటిలో పలకని పట్టేది మేకు కాదు, కుట్టు. అల కొట్టినప్పుడు అవి కాస్త సాగి సర్దుకుంటాయి.

పాత పడవలో కాపాడవలసిన వాటిలో మొదటిది ఆకారం. పడవ మధ్యభాగాన్ని నీళ్లు గట్టిగా పైకి ఎత్తుతాయి, సన్నటి కొనల్ని అంతగా ఎత్తవు. ఏళ్లు గడిచేకొద్దీ కొనలు జారి, అడుగున ఉండే కీల్ దూలం మధ్యలో పైకి విల్లులా వంగుతుంది. ఒడ్డుకి ఎక్కించగానే కీల్ పొడవునా దారం లాగి ఆ వంపు కొలిచి రాసుకోవాలి. సరిచేయాలంటే కీల్ మధ్యభాగం కింద దిమ్మల్ని వారాల తరబడి కొద్దికొద్దిగా దించాలి. ఒక్కరోజులో దించితే అతుకులు విడిపోతాయి. పక్కల పెట్టే పోటు కర్రలు చట్టాలున్న చోటే ఆనాలి, పలక నడిమధ్యన కాదు. పలకల్ని ఒకటి విడిచి ఒకటి తీయాలి. పక్కపక్కవి రెండూ ఒకేసారి తీస్తే అక్కడ ఆకారాన్ని పట్టుకునేది ఏమీ మిగలదు.

1841లో కట్టిన తిమింగలాల వేట ఓడ చార్ల్స్ డబ్ల్యూ మోర్గాన్‌ని అమెరికాలో మిస్టిక్ సీపోర్ట్ మ్యూజియం 2008లో ఒడ్డుకి ఎక్కించి, 2013లో మళ్లీ నీళ్లలోకి దించింది. లేజర్‌తో ఓడ ఆకారాన్ని కొలిపించారు, దూలాల లోపలి మేకుల్ని ఎక్స్‌రేలు తీసి చూశారు. 2008 తుపానుకి టెక్సస్ రాష్ట్రంలోని గాల్వెస్టన్‌లో దెబ్బతిన్న లైవ్ ఓక్ చెట్ల కలపని కూడా ఈ పనికి వాడారు. పుట్టుకతోనే వంపు తిరిగిన కొమ్మలో పోగు ఆ వంపు వెంటే నడుస్తుంది, అందుకే దానికి అంత బలం. మన వడ్రంగులు పడవ చట్టాలకి వంకర తుమ్మ కొమ్మలు ఏరేదీ ఇందుకే.

ఏ పలక తీయాలో తేల్చడానికి మొద్దు మొనతో పొడిచి, కొయ్యసుత్తితో తట్టి చూస్తారు. బోలుగా పలికితే లోపల పుచ్చు. పుచ్చు ఎక్కువగా మొదలయ్యేది పైనుంచి, డెక్ సందుల్లోంచి దిగే వాన నీటితో. ఉప్పునీటికన్నా మంచినీరే చెక్కకి ఎక్కువ చేటు. పుచ్చు కనిపించిన చోటే కోయకండి, గట్టి కర్ర వచ్చాక ఇంకా ముందుకి వెళ్లి కోయండి. కొత్త అతుకు రెండు చట్టాల మధ్య పడాలి, దాని వెనక లోపలివైపు ఒక దిమ్మ ఉండాలి. దిమ్మ చట్టాలకి తగలకూడదు, దాని పై అంచు వాలుగా చెక్కాలి. లేకపోతే అక్కడ నీరు నిలిచి మళ్లీ పుచ్చుతుంది. ఒకే చట్టాల మధ్య రెండు అతుకులు పడితే వాటి నడుమ కనీసం మూడు నిండు పలకలుండాలి.

ఇక అసలు నేర్పు కొత్త పలక ఆకారం తీయడంలో ఉంది. ఖాళీ కన్నా సన్నటి ప్లైవుడ్ పట్టీని చట్టాల మీద దానంతటది పడుకునేలా ఆనించాలి. అంచు పట్టి పైకో కిందకో నెట్టారా, కొలత అబద్ధం చెబుతుంది. కంపాసుని ఒకే వెడల్పుకి తెరిచి, పక్క పలక అంచు మీద ముల్లు పెట్టి పట్టీ మీద చాపాలు గీస్తూ పోవాలి. ఆ వెడల్పుని పట్టీ మీదే ఒక గీతగా గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే మధ్యలో కంపాసు జరిగితే తెలియదు. తర్వాత పట్టీని కొత్త పలక మీద పరిచి అవే చాపాలు తిరగేసి గీస్తే అంచు గీత దొరుకుతుంది. పడవ మీద తిన్నగా కనిపించే పలక కొత్త చెక్క మీద అరటిపండులా వంగి వస్తుంది. వెడల్పాటి చెక్క కొనాల్సింది అందుకే.

వంచడానికి ఆవిరి అంగుళం మందానికి గంట లెక్క. బట్టీలో ఆరబెట్టిన చెక్క వంగకుండా విరుగుతుంది, గాలికి ఆరినది కావాలి. ఆవిరి పెట్టెలోంచి తీశాక మీకున్న సమయం నిమిషం, అంతే. క్లాంపులన్నీ ముందే తెరిచి వరసగా పెట్టుకోండి. ఆ రాత్రంతా అలాగే బిగించి ఉంచి, మర్నాడు తీసి అంచులకి చిత్రిక పట్టి అప్పుడు మేకులు దింపండి. ఓక్‌లో మామూలు ఇనుప మేకు వద్దు. ఆ కర్రలోని ఆమ్లం ఇనుముని తింటుంది, తుప్పు చుట్టూ కర్రా మెత్తబడుతుంది. రాగి మేకుల పక్కన ఇనుపవి కలిపితే ఉప్పునీటిలో ఇనుము ఇంకా తొందరగా పోతుంది.

సందు లోపలివైపు బిగువుగా ఆనాలి, బయటివైపు తెరుచుకోవాలి. అంగుళం మందం పలకకి బయట సుమారు అర నూలు, అంటే అంగుళంలో పదహారో వంతు, చాలు. లోపల బిగువు లేకపోతే కూరిన పత్తి అవతలికి జారుతుంది. పలచటి పలకలకి పత్తి, బరువైనవాటికి తారు పట్టించిన జనపనార. ముందు సందుకి పెయింటు పూసి, పత్తిని చిన్న చిన్న మడతలుగా వేస్తూ, వెడల్పు చోట మడతలు దగ్గర చేస్తూ దింపాలి. పత్తి కుదురుకోగానే సుత్తి చప్పుడు మారుతుంది. అక్కడితో ఆపాలి. దాని మీద లప్పం పలక మట్టానికి కొంచెం లోపలికే ఉండాలి, లేదంటే పలక ఉబ్బినప్పుడు బయటికి వరసగా పొడుచుకొస్తుంది.

నీళ్లలోకి దించిన మొదటి రోజు కారుతుంది, కంగారు పడకండి. పంపు పెట్టి ఉంచండి. పలకలు నానేదాకా కొన్ని రోజులు ఆగాలి. అప్పటికీ ఒకే చోట ధారగా వస్తుంటే ఒడ్డుకి ఎక్కించి ముందు ఆ చోటి మేకులు చూడండి.