జబల్ అఖ్దర్ బండికి గేర్ ఆయిళ్లు మార్చిన నా అనుభవం

ఒమన్‌లో నిజ్వా నుంచి జబల్ అఖ్దర్ కొండ ఎక్కాలంటే, బిర్కత్ అల్ మౌజ్ దాటగానే పోలీసు చెక్‌పోస్టు వస్తుంది. ఫోర్ వీల్ డ్రైవ్ బండి కాకపోతే అక్కడే ఆపేస్తారు. పైదాకా తారు రోడ్డే. కానీ తిరిగి దిగేటప్పుడు ఆ వాలు చూస్తే ఎందుకు ఆపుతారో తెలుస్తుంది. పైన సైక్ అనే చోట, దాదాపు 2000 మీటర్ల ఎత్తులో, మా అర్బాబ్‌కు, అంటే యజమానికి, దానిమ్మ తోట ఉంది. కింద వాది (కొండవాగు) పక్కన మేకల కొట్టం. నేను జగిత్యాల నుంచి వెళ్లి ఆయన దగ్గర డ్రైవర్‌గా చేరాను. వెళ్లకముందు ఊళ్లో నాలుగేళ్లు ట్రాక్టర్ షెడ్డులో పని చేశాను కాబట్టి బండి కింద పడుకోవడం నాకు కొత్త కాదు.

2018 చివర్లో అర్బాబ్ ఒక సెకండ్ హ్యాండ్ ల్యాండ్ క్రూజర్ పికప్ కొన్నాడు. 79 సిరీస్ మోడల్, 4.2 లీటర్ల డీజిల్ ఇంజిన్, పక్కన దబల్ వేసే చిన్న రాడ్డు. గల్ఫ్‌లో ఫోర్ వీల్ వేయడాన్ని దబల్ వేయడం అంటారు. ఇంజిన్ గడియారంలా నడిచేది. కానీ డిసెంబర్‌లో సైక్‌లో రాత్రి ఉండి పొద్దున్నే బండి తీస్తే సెకండ్ గేర్ పడేది కాదు. బలంగా తోస్తే గర్రుమని శబ్దం. ఐదారు కిలోమీటర్లు నడిచాక మామూలైపోయేది. గేర్లు సాఫీగా పడేలా చేసే సింక్రో రింగులు పోయాయేమో, గేర్ బాక్స్ దింపాలేమో అని టెన్షన్ పడ్డాను. కొత్తగా కొన్న బండికి అప్పుడే అంత ఖర్చని అర్బాబ్‌కు ఎలా చెప్పాలి?

డ్యాష్‌బోర్డు అరలో పాత ఓనర్ వదిలేసిన వర్క్‌షాప్ బిల్లు ఒకటి దొరికింది. 85డబ్ల్యూ-140 గేర్ ఆయిల్, అంటే బాగా చిక్కటి రకం, 10 లీటర్లు. అంతే. గేర్ బాక్స్, ముందు వెనక చక్రాలకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేస్, ఇరుసుల మధ్య గేర్లుండే ముందు డిఫరెన్షియల్, వెనక డిఫరెన్షియల్, నాలుగింటికీ ఒకే డ్రమ్ములోంచి పోసేశారు. ఎండల దేశం, బరువు మోసే బండి, చిక్కటి ఆయిల్ పోస్తే మంచిదే కదా అనుకుని ఉంటారు. నిజ్వాలో ఎండాకాలం 45 డిగ్రీలు దాటుతుంది కాబట్టి ఆ ఆలోచన పూర్తిగా తప్పని అనను. కానీ అదే బండి చలికాలం సైక్‌లో సున్నా దగ్గరి చలిలో నిలబడుతుంది. సింక్రో రింగు గేర్ కోన్‌ను పట్టుకోవాలంటే మధ్యలో ఉన్న ఆయిల్ పొరను పక్కకు నెట్టాలి. చల్లబడి బెల్లం పాకంలా ఉన్న 140 ఆయిల్‌ను ఆ సన్నటి ఇత్తడి రింగు ఎలా నెడుతుంది? రింగు పోయి ఉండకపోవచ్చని అప్పుడు కొంచెం ఆశ కలిగింది.

సనాయాలో (వర్క్‌షాపులుండే పేటలో) ఆయిల్ కొట్టు నడిపే మలయాళీ భాయ్ దగ్గరికి వెళ్లాను. అంతకంటే పలుచటి 75డబ్ల్యూ-90 కావాలి, అందులో జీఎల్-4 రకం అని అడిగితే, ‘జీఎల్-5 తీసుకో, అది దానికంటే పెద్దది, కొత్తది’ అన్నాడు. ఆయన మోసం చేయలేదు, నిజంగా అలాగే నమ్మాడు. డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లో సీహెచ్-4 తరువాత సీఐ-4, ఆ తరువాత సీకే-4 వచ్చాయి, తరువాత వచ్చింది ముందుదానికంటే మెరుగు. గేర్ ఆయిల్‌లో లెక్క అది కాదు. జీఎల్-4, జీఎల్-5 ఒకదాని తరువాత ఒకటి ఎక్కే మెట్లు కావు, రెండు వేరు వేరు పనులకు చేసిన ఆయిళ్లు.

డిఫరెన్షియల్‌లో పినియన్ అనే చిన్న గేరు, క్రౌన్ వీల్ అనే పెద్ద గేరు మధ్య గీతకు సూటిగా ఉండదు, కొంచెం కిందికి జరిగి ఉంటుంది. హైపాయిడ్ అంటే అదే. దానివల్ల పళ్లు ఒకదానిమీద ఒకటి దొర్లడంతో ఆగవు, గట్టిగా రాసుకుంటూ జారతాయి. ఆ ఒత్తిడికి మామూలు ఆయిల్ పొర తెగిపోతుంది. అందుకే జీఎల్-5లో గంధకం, భాస్వరం కలిసిన రసాయనాలు ఎక్కువ వేస్తారు, జీఎల్-4తో పోలిస్తే దాదాపు రెండింతలు. పళ్లు రాసుకుని వేడెక్కిన చోట అవి ఇనుముతో కలిసి ఒక పొర కడతాయి. డబ్బా మూత తీస్తే ముక్కుకు తగిలే ఘాటు వాటిదే. గేర్ బాక్స్‌లో హైపాయిడ్ లేదు, ఇత్తడి రింగులున్నాయి. ఆ రింగులకు కాస్త రాపిడి కావాలి, జారుడు ఎక్కువైతే పట్టు దొరకదు. పాతకాలపు జీఎల్-5 ఆయిళ్లు ఇత్తడిని తినేసేవి కూడా. ఇప్పటివి రాగి మీద పరీక్ష చేసి పంపుతున్నారు కాబట్టి ఆ భయం తగ్గింది.

మా బండి మాన్యువల్‌లో గేర్ బాక్స్‌కూ ట్రాన్స్‌ఫర్ కేస్‌కూ 75డబ్ల్యూ-90, జీఎల్-4 గానీ జీఎల్-5 గానీ అని ఉంది. డిఫరెన్షియళ్లకు మాత్రం జీఎల్-5 హైపాయిడ్ ఆయిల్ తప్పనిసరి, మైనస్ 18 డిగ్రీలకు పైన అయితే 90 నంబర్. అంటే గేర్ బాక్స్‌కు ఏది పోసినా కంపెనీకి అభ్యంతరం లేదు. కానీ నా బాధ గేర్ పడకపోవడం గురించి కాబట్టి జీఎల్-4 మీదే పట్టుబట్టాను. కొన్ని డబ్బాల మీద రెండూ కలిపి రాసి ఉంటాయి. అది చాలావరకు జీఎల్-5 సరుకే. జీఎల్-4 ఒక్కటే రాసి ఉన్న డబ్బా కోసం మూడు కొట్లు తిరిగాను.

అంకెల గురించి ఒక మాట చెప్పాలి. ట్రాక్టర్ షెడ్డులో ఉన్నప్పుడు 90 నంబర్ అంటే ఇంజిన్‌లో పోసే 40 కంటే రెండింతలు చిక్కన అనుకునేవాణ్ని. కాదు. గేర్ ఆయిల్‌కూ ఇంజిన్ ఆయిల్‌కూ కొలబద్దలు వేరు. వేడెక్కాక 90 గేర్ ఆయిల్, ఇంజిన్ ఆయిల్ 40కీ 50కీ అటూ ఇటూగా ఉంటుంది.

అదే సనాయాలో ఒక రాంగ్లర్ జీపు ట్రాన్స్‌ఫర్ కేస్ విప్పి ఉంటే చూశాను, లోపల ఎర్రటి ఆటోమేటిక్ గేర్ ఆయిల్. దానిలో పళ్ల బదులు గొలుసు ఉంటుంది, పలుచటి ఆయిల్ కావాలి. మాదాంట్లో గేర్లే. ట్రాన్స్‌ఫర్ కేస్ అన్న పేరు చూసి పక్క బండి ఆయిల్ తెచ్చి పోస్తే అంతే సంగతులు.

వెనక డిఫరెన్షియల్ లిమిటెడ్ స్లిప్ (రెండు చక్రాలూ విడివిడిగా తిరిగిపోకుండా పట్టి ఉంచే రకం) అయితే దానికి వేరే ఆయిల్ కావాలి. అందుకే ముందు చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, వెనక రెండు చక్రాలూ జాకీ మీద లేపి, న్యూట్రల్‌లో ఒకదాన్ని తిప్పాను. రెండోది ఎదురు దిక్కుకు తిరిగింది. మామూలుదే.

ఒక గురువారం మధ్యాహ్నం పని మొదలుపెట్టాను. మర్నాడు నిజ్వా సూక్‌లో మేకల సంత, తెల్లవారేసరికి బండి సిద్ధంగా ఉండాలి. చదునైన చోట ఆపి, ఆయిల్ వేడిగా ఉండగానే మొదట ఆయిల్ పోసే బోల్టులు నాలుగూ వదులు చేశాను. డ్రెయిన్ బోల్టు ముందు విప్పి ఆయిలంతా పోయాక పోసే బోల్టు రాకపోతే బండి అక్కడే పడి ఉంటుంది. ట్రాక్టర్ షెడ్డులో మా మేస్త్రి నేర్పింది ఇది.

గేర్ బాక్స్ ఆయిల్ నల్లగా, చిక్కగా సాగుతూ దిగింది. బోల్టు అయస్కాంతానికి కాటుకలా మెత్తటి పొడి అంటుకుని ఉంది, వేళ్లతో రుద్దితే గుచ్చుకునే ముక్కలేమీ లేవు. ఆ క్షణాన సగం భారం దిగింది. వెనక డిఫరెన్షియల్ దగ్గరే గుండె ఆగినంత పనైంది. బోల్టు తీయగానే కారినది ఆయిల్ కాదు, పాలు ఎక్కువైన చాయ్. లోపలికి నీళ్లు చేరాయి.

మేకల కొట్టానికి వెళ్లే దారిలో వాది దాటాలి. కొండ దిగి వేడెక్కిన ఆక్సిల్‌ను చల్లటి నీళ్లలో దించితే లోపలి గాలి ఒక్కసారిగా ముడుచుకుంటుంది. పైన ఉండే బ్రీదర్ అనే చిన్న మూత ఆ లోటు తీర్చాలి. మా బండి బ్రీదర్ మట్టితో గట్టిగా మూసుకుపోయింది. గాలి అందక ఆక్సిల్ సీళ్ల సందుల్లోంచి నీళ్లు పీల్చుకుంది. ఎంత మంచి ఆయిల్ ఏరి పోసినా ఈ మూత చూడకపోతే వృథా. రెండు బ్రీదర్లూ విప్పి డీజిల్‌తో కడిగాను. వెనకదానికి రబ్బరు పైపు తగిలించి టెయిల్ ల్యాంపు ఎత్తుదాకా లాగాను.

నీళ్లు కలిసినదాన్ని ఒక్కసారి మార్చితే సరిపోదు. చవకైన జీఎల్-5 పోసి, పదిహేను కిలోమీటర్లు తిప్పి, వేడిగా ఉండగానే మళ్లీ దించాను. ఈసారి లేత చాయ్ రంగు. ఇంకోసారి అలాగే చేశాక గానీ ఆయిల్ తన రంగులో రాలేదు. అప్పుడు అసలు ఆయిల్ పోసి, కన్నం అంచు నుంచి కారేదాకా నింపి, కొత్త వాషర్లతో బిగించాను. ముందు డిఫరెన్షియల్ బాగానే ఉంది. ప్రొపెల్లర్ షాఫ్టుకు లిథియం గ్రీజు, ముందు చక్రాలు మలిగే కీళ్లలో (నకిల్స్‌లో) నల్లటి మాలిబ్డినం గ్రీజు కొట్టేసరికి రాత్రి పదకొండు.

వారం తరువాత సైక్‌లో రాత్రి ఉండాల్సి వచ్చింది. పొద్దున బకెట్లో నీళ్ల మీద సన్నటి మంచు పొర. క్లచ్ తొక్కి ఫస్ట్ వేశాను, బండి కదిలింది, సెకండ్‌కు తోశాను. చేతికి కొంచెం బరువు తగిలింది, గేర్ పడింది. శబ్దం లేదు. పక్కన అర్బాబ్ తస్బీ (జపమాల) తిప్పుకుంటూ కూర్చున్నాడు, ఆయనకు ఏమీ తెలియలేదు. నాకు మాత్రం బండి ఆపి ఇంటికి ఫోన్ చేసి చెప్పాలనిపించింది.

మరుసటి ఏడాది సెలవు మీద జగిత్యాల వచ్చేముందు, నా చోట్లోకి వచ్చే బంగ్లాదేశ్ తమ్ముడి కోసం ఒక కాగితం రాసి డ్యాష్‌బోర్డు అర మూతకు లోపలివైపు అతికించాను. గేర్ బాక్స్, ట్రాన్స్‌ఫర్‌కు 75డబ్ల్యూ-90 జీఎల్-4. రెండు డిఫరెన్షియళ్లకు 90 జీఎల్-5. వాది దాటిన ప్రతి నెలా వెనక బోల్టు కొంచెం వదులు చేసి రంగు చూడు. దబల్ అవసరం లేకపోయినా నెలకు ఒకసారి మట్టిదారిలో వేసి 16 కిలోమీటర్లు నడుపు, లేకపోతే ముందు గేర్లకు ఆయిల్ అందదు. తారు మీద మాత్రం వేయకు.