ఆ ఫోటో నేనే పంపాను

పంపింది శుక్రవారం రాత్రి పదింటికి. అబద్ధమని తెలిసింది సోమవారం సాయంత్రం. ఈ మధ్యలో ఆ ఫోటో సంగతే నేను మర్చిపోయాను.

మురుగుకాలవ పక్కన కుప్పగా పడున్న ఓటు కాగితాలు. పోయిన ఎన్నికల్లో మనం వేసిన ఓట్లే ఇవి, లెక్కపెట్టకుండా పారేశారు అని కింద రాసుంది. కొత్త ఎన్నికలకు అప్పటికి పన్నెండు రోజులే ఉంది. చూడగానే ఒళ్ళు మండింది. ఇంట్లోవాళ్ళ గ్రూపుకి, పాత క్లాస్‌మేట్ల గ్రూపుకి, ఆఫీసు గ్రూపుకి పంపేసి పడుకున్నాను.

"పంపేసి పడుకున్నాను" అని తేలిగ్గా అంటున్నాను గానీ, ఆ పంపడం అంత తేలిగ్గా జరగలేదు. ఆ మెసేజ్ మీద రెండు బాణాల గుర్తు ఉంది. ఇది ఇప్పటికే చాలా చేతులు మారిందని చెప్పడానికి వాట్సాప్ పెట్టే గుర్తు అది. అలాంటి మెసేజ్‌ని 2020 ఏప్రిల్ నుంచి ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తోంది. అంటే నేను ఒక గ్రూపుకి పంపి, వెనక్కొచ్చి, మళ్ళీ నొక్కి, ఇంకో గ్రూపు వెతికి, ఇలా మూడుసార్లు చేశాను. కాసేపు ఆగుతామేమోనని పెట్టిన అడ్డు అది. నేనేమో యాప్ సతాయిస్తోందని విసుక్కున్నాను. ఇంతమంది పంపారంటే నిజమే అయ్యుంటుందిలే అని కూడా అనుకున్నాను, దాచడమెందుకు.

సోమవారం అక్క కూతురు ఫోన్ చేసింది. "పిన్నీ, ఆ కాగితాల మీద అక్షరాలు చూశావా?"

ఫోటో పెద్దది చేసి చూశాను. అది మన లిపి కాదు. రెండు వేళ్ళతో జరిపితే తెలిసిపోయే విషయం. తర్వాత అదే ఫోటోను ఇమేజ్ సెర్చ్‌లో పెడితే, వేరే దేశంలో, కొన్నేళ్ళ కిందటి ఎన్నికలప్పుడు తీసిందని తేలింది. మొత్తం ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

వెంటనే డిలీట్ చేయబోయాను. "నాకు మాత్రమే" అన్న ఆప్షన్ తప్ప ఇంకోటి కనపడలేదు. అందరి ఫోన్లలోంచి తీసేయడానికి రెండు రోజులకు కాస్త పైన గడువు ఉంటుంది, అది ఆ పొద్దునే దాటిపోయింది. దాటకపోయినా పెద్ద ఉపయోగం లేదు. నా మెసేజ్ పోతుంది గానీ, దాన్ని ఇంకెవరైనా ముందుకు పంపి ఉంటే అవి అలాగే ఉంటాయి. ఇంట్లోవాళ్ళ గ్రూపులో మెసేజ్ మీద వేలు పెట్టి చూస్తే, చదివిన ముప్ఫై మూడు మంది పేర్లూ వరసగా కనిపించాయి. వాళ్ళలో ఎవరు ఇంకెవరికి పంపారో మాత్రం కనపడదు.

ఇక దిద్దుబాటు రాయాలి. మొదట రాసింది ఇది: "ఈ ఫోటో పాతదని తెలిసింది, గమనించగలరు." చదువుకుంటే సిగ్గేసింది. పంపినవాళ్ళెవరో అందులో లేరు. రెండోసారి రాసిందాంట్లో "నాకూ ఎవరో పంపితే..." అని మొదలుపెట్టాను, అదీ కొట్టేశాను. చివరికి రాసింది: "ఆ ఓటు కాగితాలు మన ఎన్నికలవి కావు, వేరే దేశానివి. చూసుకోకుండా పంపింది నేనే. ఎవరికైనా పంపి ఉంటే దయచేసి వాళ్ళకు చెప్పండి." ఫోటోను మళ్ళీ జతచేయాలా వద్దా అని చాలాసేపు తేల్చుకోలేకపోయాను. ఒకే మాట పదేపదే కంటపడితే అది నిజమనిపించడం పెరుగుతుందని 1977 నుంచీ పరిశోధకులు చెబుతున్నారు. కానీ ఏ ఫోటో గురించో అందరికీ తెలియాలంటే పెట్టక తప్పదనిపించింది. అందుకే దాని మీద అడ్డంగా ఎర్ర అక్షరాలతో "అబద్ధం" అని రాసి పెట్టాను.

ఫోటోకి శుక్రవారం రాత్రే పద్నాలుగు కోపం ఎమోజీలు వచ్చాయి. దిద్దుబాటుకి రెండు బొటనవేళ్ళు, ఆఫీసు గ్రూపులో అవీ లేవు. ఇది నా ఒక్కదాని ఖర్మ కాదు. 2006 నుంచి 2017 దాకా ట్విట్టర్‌లో తిరిగిన దాదాపు 1,26,000 వార్తలను పరిశీలించి 2018లో సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం వేశారు. నిజంకన్నా అబద్ధాన్ని జనం రీట్వీట్ చేసే అవకాశం 70 శాతం ఎక్కువని, రాజకీయాల అబద్ధాలు మిగతావాటికన్నా వేగంగా పోయాయని తేలింది. అది బాట్ల పని, అంటే తమంతట తామే పోస్టులు పెట్టే ప్రోగ్రాముల పని కాదు, మనుషుల పనేనట. నా దిద్దుబాటులో కొత్త సంగతీ లేదు, కోపమూ లేదు. ఎవరు ముందుకు పంపుతారు?

గ్రూపులో రాసి వదిలేస్తే చాలదని అప్పుడర్థమైంది. ఆ ఫోటో కింద కామెంట్ పెట్టినవాళ్ళకు ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. ఆరుగురు. ముగ్గురు "అలాగా" అని వేరే మాటల్లోకి వెళ్ళిపోయారు. ఒక క్లాస్‌మేట్ "ఇది అబద్ధమైతే కావచ్చు, అలా జరగదని గ్యారంటీ ఏంటి" అని వాదించాడు. అలాంటి మాటకు నా దగ్గర జవాబు లేదు. ఫోటో ఎక్కడిదో చెప్పగలను గానీ, అనుమానం ఎక్కడిదో చెప్పలేను కదా.

బాబాయికి ఫోన్ చేయడాన్ని చివరిదాకా వాయిదా వేశాను. ఆయన ఆ ఫోటో కింద "ఇంక నేను ఓటెయ్యను" అని రాశారు. చిన్నప్పటి నుంచి నాకు తెలిసి ఒక్క ఎన్నికకూ మానని మనిషి.

"ఆ ఫోటో తప్పు బాబాయ్. నేనే చూసుకోకుండా పంపాను."

"చూశానమ్మా నువ్వు రాసింది."

"మరి వెళ్తారా?"

కాసేపు ఏమీ మాట్లాడలేదు. "నీ ఫోటో ఒక్కటేనా ఏంటి? పొద్దున లేస్తే అలాంటివే వస్తున్నాయి. నువ్వు పంపావు కాబట్టి నమ్మాను. మిగతావి ఎవరు పంపారో నాకు గుర్తు కూడా లేదు."

వాటిలో కొన్ని నాకు పంపమన్నాను, కలిసి చూద్దామని. మర్నాడు పొద్దున లేచేసరికి నా ఫోన్‌లో పంతొమ్మిది ఉన్నాయి. చాలావాటి మీద రెండు బాణాలు. నాలుగింటి సంగతి తేల్చి ఆయనకు చెప్పాను. అందులో ఒకటి నిజమే, ఆ ముక్క కూడా చెప్పాల్సొచ్చింది. మిగతా పదిహేను ఇంకా చూడాలి. ఎన్నికలకు ఎనిమిది రోజులుంది.