చిలకలగుట్ట చూసొచ్చాక

మొక్కు మా అమ్మది. మా బాబుకు డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు "తల్లీ సమ్మక్కా, పిల్లగాడు లేచి తిరిగితే నీకు నిలువెత్తు బంగారం ఇచ్చుకుంటా" అనుకుందట. ములుగు జిల్లా మేడారంలో జరిగే సమ్మక్క సారలమ్మల జాతరలో బంగారమంటే బెల్లం. జాతర వచ్చేసరికి వాడు బాగానే బరువు పెరిగాడు. కాంటా మీద నిలబెడితే ముప్పై ఒక్క కిలో! బెల్లం కొట్టులో ఆధార్ జిరాక్స్ అడిగారు, గుడుంబా, అంటే నాటుసారా, కాసేవాళ్ళకు పోకుండా. కొంత వాడకట్టులో పంచి, మిగిలింది రెండు సంచుల్లో కట్టుకుని 2024 ఫిబ్రవరి 22, గురువారం పొద్దున్నే హనుమకొండలో జాతర బస్సెక్కాం. ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితం. మా అమ్మ జీరో టికెట్‌ను కూడా జాగ్రత్తగా కొంగున ముడేసుకుంది.

నేను పదిహేడేళ్ళుగా జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్తున్నాను. జాతర వారంలో సగం క్లాసు ఖాళీ అయ్యేది. టెన్త్ పరీక్షలకు నెల కూడా లేదని టెన్షన్‌తో, రాని పిల్లల్ని గట్టిగా తిట్టిన రోజులున్నాయి. తాడ్వాయి దగ్గరి గూడెం నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదివే ఒక కోయ అమ్మాయి ఆ జాతరకు మూడు నెలల ముందు కాకతీయుల పాఠంలో లేచి, "టీచర్, కాకతీయులు మంచోళ్ళయితే మా సమ్మక్కను ఎందుకు చంపిన్రు?" అని అడిగింది. "అది మనకు పరీక్షలో రాదమ్మా, కూర్చో" అన్నాను. ఆ మాట అప్పటినుంచీ నాకు ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

ములుగు దాటాక జంగాలపల్లి దగ్గర రామప్ప దారి చీలుతుంది. ఏటా మా పిల్లల్ని తీసుకెళ్ళే చోటే. కాకతీయ రాజు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి, నీళ్ళలో తేలే ఇటుకలు, ఆ పక్కనే ఈనాటికీ పొలాలకు నీళ్ళిచ్చే చెరువు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు స్కూల్లో స్వీట్లు పంచాను. ఆ గర్వం అబద్ధం కాదు. కానీ అదే రోడ్డు మీద ఇంకో గంటన్నర పోతే, కరువులో కప్పం కట్టలేమన్నందుకు ప్రతాపరుద్రుడి సైన్యం కోయరాజ్యం మీద పడిందని, సమ్మక్క కూతురు సారలమ్మ, అల్లుడు గోవిందరాజు, భర్త పగిడిద్దరాజు పోరులో ఒరిగారని, కొడుకు జంపన్న సంపెంగ వాగులో దూకాడని జనం చెప్పుకునే చోటు వస్తుంది. చెరువులు తవ్వించినవాళ్ళూ కప్పం కోసం దండెత్తినవాళ్ళూ ఒకే వంశమని నేను క్లాసులో ఏనాడూ చెప్పలేదు.

ఆ సంపెంగ వాగునే ఇప్పుడు జంపన్న వాగంటారు. అందులో మోకాలి లోతు నీళ్ళు. శివసత్తులు పూనకంతో ఊగుతున్నారు. పక్కన ఒకావిడ చంటిదాని నెత్తి మీద దోసిలితో నీళ్ళు పోస్తూ, ఏడుస్తూ నవ్వుతోంది. మా అమ్మ మునిగి లేచి, తడి చీరతోనే తల్లుల్ని కొలిచే గద్దెల వైపు నడిచింది. విగ్రహం లేదు, గోపురం లేదు. పొడవాటి వెదుళ్ళు, పసుపు కుంకుమలు, గుట్టలుగా బెల్లం. పూజ చేసేది కోయ పూజారులే. ఎంత పెద్ద నాయకుడు వచ్చినా ఇక్కడి పద్ధతిని వాళ్ళే చెప్పాలి. ఇది నాకు చాలా నచ్చింది.

సాయంత్రం, సమ్మక్క ఉంటుందని నమ్మే చిలకలగుట్ట వైపు జనం కిక్కిరిశారు. పూజారి అమ్మవారి రూపంగా కొలిచే కుంకుమ భరిణతో గుట్ట దిగుతుండగా పోలీసులు గాల్లోకి కాల్పులు జరిపారు. అది అమ్మవారికి సర్కారు చేసే గౌరవ వందనం. ఆ చప్పుడుకు ఒళ్ళు జలదరించింది. ఒక రాజ్యం ఆమె మీదికి ఆయుధాలు పంపిందని కథ చెప్తుంటే, ఇప్పటి రాజ్యం అదే అడవిలో తుపాకులెత్తి ఆమెకు దండం పెడుతోంది. డోలు, కొమ్ము మోగుతుంటే "అమ్మొచ్చింది, అమ్మొచ్చింది" అని అరుస్తూ జనం ఎదురెళ్ళారు. మా అమ్మ ఏ కథా గుర్తు చేసుకోలేదు. మా బాబు తల మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంది. చదువుకున్న నేను ఆ చెయ్యినే చూస్తూ నిలబడ్డాను.

1996లో ఇది రాష్ట్ర పండుగ అయింది. 2014 విభజన చట్టంలో చెప్పిన గిరిజన యూనివర్సిటీకి 2023 డిసెంబరులో సమ్మక్క సారక్క పేరుతో పార్లమెంటు చట్టం చేసింది. సంతోషమే. అయితే ఇంట్లో కోయ మాట్లాడే పిల్ల ఒకటో తరగతిలో తెలుగు తప్ప రాని టీచరు ముందు మూగగా కూర్చుంటే, ఆ యూనివర్సిటీ గేటు దాకా ఎలా వస్తుంది? పార్టీలన్నీ గద్దెల దగ్గర బెల్లం తూస్తాయి, ఈ సంగతి మాత్రం ఎవరి ప్రసంగంలోనూ నా చెవిన పడలేదు. డోలీలనే కోయ కథకులు బొమ్మల పడిగె గుడ్డ పరిచి తరతరాలుగా పాడుతున్న కథ కూడా చరిత్ర పాఠంతో పాటు చదవాల్సిందేనని నా నమ్మకం. శాసనం రాయించగలిగింది రాజులే కదా, ఓడినవాళ్ళకు మిగిలింది పాటే.

మరుసటి సోమవారం అటెండెన్స్ తీసుకున్నాక డబ్బా తెరిచి బంగారం ముక్కలు పంచాను. ఆ అమ్మాయిని పిలిచి, "ఆ రోజు నిన్ను కూర్చోమన్నాను, తప్పు నాదే తల్లీ. ఇప్పుడు చెప్పు" అని చాక్‌పీసు చేతికిచ్చాను. కాసేపు సిగ్గుతో తల దించుకుంది. తర్వాత బోర్డు మీద వంకర గీత ఒకటి గీసి "ఇది వాగు టీచర్" అంది. దాని పక్కన గుట్ట వేసింది. బెల్లం అంటిన వేళ్ళతోనే పిల్లలంతా నోట్‌బుక్కులు తెరిచారు.