రైల్వే గ్రౌండ్‌లో ఓ సాయంత్రం

చుట్టాలింట్లో గృహప్రవేశం ఉండి వైజాగ్ వెళ్ళాను. గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగి, మర్రిపాలెంలో చిన్నాన్న వాళ్ళింట్లో బ్యాగ్ పడేసి, భోంచేసి ఓ కునుకు తీసి, బీచ్‌కి బయల్దేరుతుంటే చిన్నాన్న ఆపాడు. "బీచ్ ఎక్కడికీ పోదు గానీ, రైల్వే గ్రౌండ్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్ ఉందట, వస్తావేటి?" ఆయన స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యాడు, కుర్రతనంలో లెఫ్ట్ బ్యాక్ ఆడేవాడు. బీచ్ మర్నాటికి వాయిదా పడింది.

టికెట్ లేదు, గేటు దగ్గర అడిగేవాడూ లేడు. సున్నం గీత పక్కనే నిలబడ్డాం, వింగర్ పరిగెడితే దుమ్ము మన ప్యాంటు మీద పడేంత దగ్గర. గోల్ నెట్ ఒకచోట చిరిగితే నైలాన్ తాడుతో ముడేసి కట్టారు. రెండు లోకల్ జట్లు, చూసేవాళ్ళలో సగం మంది ఆడేవాళ్ళ అన్నలు, ఫ్రెండ్సు, ఇంకా డ్యూటీ దిగి అటే వచ్చేసిన వాళ్ళు. ఆట గొప్పగా ఉందని చెప్పను, మూడు పాసులు వరసగా పడితే చప్పట్లు కొట్టే స్థాయి. కానీ అంతా వినిపిస్తుంది! టీవీలో కామెంటేటర్ గొంతు కింద పడిపోయేదంతా ఇక్కడ చెవిలో పడుతుంది. డిఫెన్స్ మధ్యలో ఆడే స్టాపర్ కుర్రాడు మ్యాచ్ మొత్తం మాట్లాడుతూనే ఉన్నాడు, "ఎనకాల మనిషున్నాడు", "టైముందిరా, ఆపు", "లైన్ పైకి, పైకి రండ్రా" అని. వాడి మాట వింటే బంతి వైపు చూడకుండానే ఏం జరగబోతోందో తెలిసిపోతుంది.

ఒక జట్టు కీపర్ కొంచెం పొట్టి. కార్నర్ కిక్ వచ్చిన ప్రతిసారీ బయటికి రెండడుగులు వేసి ఆగిపోతున్నాడు. చిన్నాన్న తట్టుకోలేక "వస్తే రా, లేపోతే గీత మీదే ఉండు, మధ్యలో ఏటిరా అది?" అని అరిచాడు. ఆ కుర్రాడు వెనక్కి తిరిగి, "మీరు దిగండి గురువుగారూ, గ్లౌజులు ఇస్తాను" అన్నాడు. లైన్ పొడుగునా నవ్వులు. తర్వాతి కార్నర్‌కి వాడు నిజంగానే బయటికొచ్చాడు, బంతి అందలేదు, గోల్ పడింది. చిన్నాన్న చప్పుడు చేయకుండా మెల్లగా సెంటర్ లైన్ వైపు జరిగిపోయాడు.

ఇలాంటిది కోల్‌కతాలోని పెద్ద స్టేడియం సాల్ట్‌లేక్‌లో దొరకదు. అక్కడ ఆ ఊరి క్లబ్బులు ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ మ్యాచ్ చూశాను నేను. 1997 ఫెడరేషన్ కప్ సెమీఫైనల్లో ఆ రెండు జట్లు ఆడితే ఆ స్టేడియంలో లక్షా ముప్ఫై వేల మంది పైనే ఉన్నారు, ఇప్పుడు పట్టేది అంతకంటే చాలా తక్కువ. నాకు దొరికిన సీటు ఎంత పైన అంటే ఆటగాళ్ళని జెర్సీ రంగుని బట్టి పోల్చుకోవడమే. అయినా అక్కడి మజా వేరు, గోల్ పడితే కాళ్ళ కింద మెట్లు అదురుతాయి. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిష్ (మన పులసే), మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు వండుకోవడం వాళ్ళ ఆనవాయితీ. అక్కడ చూడాల్సింది జనాన్ని.

టెన్షన్ కావాలంటే మాత్రం నా ఓటు మధ్య మెట్టుకే, అంటే దేశంలో రెండో స్థాయి లీగ్‌కే. పై లీగ్ ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) 2014లో మొదలైంది, అట్టడుగున నిలిచిన జట్టు కింది లీగ్‌కి పోవడమన్నది ఏళ్ళ తరబడి లేదు, దాంతో సీజన్ చివర్లో కింది జట్ల మ్యాచ్‌లు చప్పగా సాగేవి. రెండో స్థాయి అయిన ఐ-లీగ్‌లో అలా ఉండేది కాదు. 2022-23 నుంచి గెలిచినవాడికి ఐఎస్ఎల్‌కి వెళ్ళే దారి తెరిచారు. ఆ ఏడాది పంజాబ్, మరుసటి ఏడాది మహమ్మడన్ స్పోర్టింగ్ వెళ్ళాయి. రెండుసార్లూ రెండో స్థానంలో ఆగిపోయింది శ్రీనిధి డెక్కన్. ఆ క్లబ్బుని 2020లో ఐ-లీగ్‌కి ఎంపిక చేసినప్పుడు ఊరి పేరు విశాఖపట్నమే, తీరా ఆట మొదలయ్యేసరికి సొంత గ్రౌండ్ హైదరాబాద్ శివార్లలో. ఈ సంగతి ఎత్తితే చిన్నాన్న "మనకి ఆ ఒక్కటీ మిగల్లేదు" అని మురీ మిక్చర్ పొట్లం నలిపి జేబులో పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి రాత్రి ఎనిమిదిన్నర. తమ్ముడి కొడుకు ఆర్సెనల్ జెర్సీ వేసుకుని ప్రీమియర్ లీగ్ పెట్టేశాడు. శనివారం మధ్యాహ్నం మూడింటికి అక్కడ మొదలయ్యే మ్యాచ్‌లని బ్రిటన్‌లో లైవ్ చూపించరని, జనం టీవీ ముందు కూర్చుంటే కింది డివిజన్ల గ్రౌండ్లు ఖాళీ అయిపోతాయని ఆ నిషేధం 1960ల నుంచీ ఉందని చెప్తే వాడు నమ్మలేదు. లండన్‌లో ఉన్నవాడికి లేని సౌకర్యం మర్రిపాలెంలో ఉంది మరి!

"అయితే రేపు మాతో గ్రౌండ్‌కి రా" అన్నాను. "అక్కడ రీప్లే ఉండదు కదా పెదనాన్నా" అన్నాడు, కళ్ళు టీవీ మీంచి తీయకుండా.

"రీప్లే నేనిస్తాన్రా" అని చిన్నాన్న లేచి, సోఫాలోంచి దిండు లాగి, తలుపు సందుని గోల్ చేసి, పొట్టి కీపర్ రెండడుగులు ఎలా వేశాడో చూపించడం మొదలెట్టాడు. మూడోసారి స్లో మోషన్‌లో చూపిస్తుంటే పిన్ని వంటింట్లోంచి కేకేసింది, అన్నాలు చల్లారిపోతున్నాయని.