6.1 వచ్చిన తర్వాత

గడచిన రెండు మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బిఎ1సి పరీక్షలో నాకు 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకు ప్రీడయాబెటిస్, అంటే మధుమేహానికి ముందు దశ అనీ, 6.5 నుంచి మధుమేహంగా లెక్కిస్తారనీ డాక్టరుగారు చెప్పారు. మన హైదరాబాదులో ఈ స్థితిని ‘బోర్డర్‌లో ఉంది’ అంటారు, ఆ వెంటనే ‘ఏం కాదులే, తీపి మానేస్తే సరిపోతుంది’ అనేస్తారు. షుగరుతో ఏళ్ల తరబడి బాధపడి చివరికి కాలి బొటనవేలు తీయించుకున్న నాన్నగారికి, తార్నాకలోని మా ఇంట్లో రోజూ కట్టు మార్చినదాన్ని నేను. గాజుగుడ్డ విప్పుతున్నప్పుడు అది పుండుకు అంటుకుపోయి ఉంటే సెలైన్ నీళ్లతో తడిపి మెల్లగా ఊడదీయడం నా చేతులకు ఇంకా గుర్తుంది. కాబట్టి భయపడవద్దు అనే మాట నా మీద పనిచేయదు. ఈ భయానికి కారణం ఉందనీ, అయినా అది చెప్పినట్టల్లా నడుచుకోవడం చికిత్స కాదనీ నాకు నేనుగా తెలుసుకోవడానికి చాలా కాలం పట్టింది.

రిపోర్టు వచ్చిన తర్వాత ఇంట్లోకి గ్లూకోమీటరు వచ్చింది. తెల్లవారుజామున ఎవరూ లేవకముందే వంటింటి గట్టు దగ్గర నిలబడి, వేలి పక్కన సూదితో పొడిచి, బొట్టును స్ట్రిప్ అంచుకు తాకించి, తెర మీద అంకె వచ్చేదాకా ఊపిరి బిగబట్టేదాన్ని. 104 వస్తే కాసేపు ప్రాణం కుదుటపడేది. 118 వస్తే ఇంకో వేలు. రెండో వేలికి 109 వచ్చేసరికి ఏది నిజమో తెలియక మూడో వేలు. నిజానికి ఇంట్లో వాడే మీటరు చూపే అంకె ప్రయోగశాల విలువకు 15 శాతం అటూ ఇటూ ఉండటం అంతర్జాతీయ ప్రమాణాలు ఒప్పుకున్న తేడాయే. అంటే అసలు విలువ 110 ఉన్నప్పుడు మీటరు 95 చూపినా, 125 చూపినా అది చెడిపోయినట్టు కాదు. పైగా తెల్లవారుతుండగా కార్టిసాల్ వంటి హార్మోన్ల ప్రభావంతో కాలేయం చక్కెరను రక్తంలోకి వదలడం సహజం, నిద్ర చాలకపోయినా, ఆందోళన పడినా ఆ విలువ ఇంకా పెరగవచ్చు. నేను కొలుస్తున్న దానిలో నా భయం కూడా కొంత కలిసి ఉండవచ్చునన్నమాట.

మీటరుతో ఆగలేదు. సిటీ బస్సులో కూర్చుని కాలు తిమ్మిరెక్కినా నరాలు దెబ్బతిన్నాయేమోననీ, రాత్రి ఫోను చూసి కళ్లు మసకబారినా రెటీనాకు ఏమైందోననీ అనిపించేది. ఇంటికి రాగానే పాదాలు తిరగేసి చూసుకోవడం, అమ్మను పిలిచి చూడమనడం, అమ్మ ‘ఏమీ లేదే తల్లీ’ అనగానే ఊరట చెందడం, రాత్రికి మళ్లీ అదే అనుమానం. దురద పెట్టిన చోట గోకినకొద్దీ దురద పెరిగినట్టే, ప్రతి తనిఖీ తర్వాతి తనిఖీ అవసరాన్ని పెంచుతుంది. ఆరోగ్యం గురించిన ఆందోళనకు కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అనే మాటల చికిత్సలో పదేపదే పరీక్షించుకోవడాన్నీ, పదేపదే భరోసా అడగడాన్నీ మెల్లమెల్లగా తగ్గించడమే ముఖ్యమైన పని అని నాకు సైకాలజిస్టు చెప్పారు.

‘మధ్యలో పెరిగిపోతే ఎలా తెలుస్తుంది డాక్టరుగారూ?’ అని అడిగాను. ‘చూడమ్మా, మీది రోజూ వేలు పొడుచుకుని చూసుకోవలసిన దశ కాదు. విపరీతమైన దాహం వేసినా, మాటిమాటికీ మూత్రానికి వెళ్లవలసి వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గినా వెంటనే రండి. లేకపోతే ఆరు నెలలకు మళ్లీ చేయిద్దాం’ అన్నారాయన. ఎప్పుడు కొలవాలో నిర్ణయించే పని భయం చేతిలోంచి ఆయన చేతిలోకి పోవడం నాకు జరిగిన అతిపెద్ద మేలు. మీటరును ఉప్పల్‌లోని చెల్లెలి ఇంటికి పంపించాను. ‘నా దగ్గరే ఉంటుంది అక్కా, అడిగినా ఇవ్వను’ అంది, అడిగినప్పుడు నిజంగానే ఇవ్వలేదు.

2002లో ఫలితాలు వెలువడిన అమెరికా డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ అనే అధ్యయనం గురించి చదివినప్పుడు నాకు ధైర్యం కలిగింది. శరీర బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక వంటి వ్యాయామం లక్ష్యాలుగా పెట్టుకున్నవారిలో, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారితో పోలిస్తే మధుమేహం 58 శాతం తక్కువగా వచ్చింది. ఆ అధ్యయనంలో పరగడుపు పరీక్ష చేసింది ఆరు నెలలకొకసారే. మనవాళ్ల మీద చేసిన ఇండియన్ డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ ఫలితాలు 2006లో వచ్చాయి. అందులో జీవనశైలి మార్పుతో తగ్గుదల 28.5 శాతం. చిన్నదే అయినా, నాన్నగారికి జరిగిందే నాకూ జరిగి తీరుతుందనే నా నమ్మకానికి అది సరైన జవాబు.

ఇప్పుడు నా పని ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందు రోడ్డు మీద నడవడం, అన్నం తగ్గించి కూర, పప్పు పెంచడం. భయం బాగా ముదిరిన రోజుల్లో అన్నం పూర్తిగా మానేసి జొన్నరొట్టెలు ఎన్నయినా తినవచ్చనుకునేవారికి ఒక మాట: జొన్నలోనూ ఉండేది ప్రధానంగా పిండిపదార్థమే, దానికీ మితం కావాలి. రాత్రిళ్లు ఆలోచనలు ఆగనివారు మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోను సేవ టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

తర్వాతి పరీక్ష దసరా వెళ్లాక. ఈసారి పెరిగితే ఏం చేయాలో కూడా డాక్టరుగారితో ముందే మాట్లాడుకున్నాను: మొదట పరీక్షను మరోసారి చేయించి నిర్ధారించుకోవడం, రక్తహీనత ఉంటే ఈ విలువ తప్పుగా కనిపించే అవకాశం ఉంది కనుక హిమోగ్లోబిన్ కూడా చూడటం, ఆ తర్వాతే మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర గురించి ఆలోచించడం.